నగరమునకు చికిత్స చేసిన గోతో షింపే

జపాను దేశమున ఫురోషికి అను ఒక చతురస్రపు గుడ్డ కలదు. బజారునకు పోవునపుడును, బంధువుల యింటికి కానుక గొనిపోవునపుడును వస్తువులను అందులో ఉంచి, నాలుగు కొసలు చేర్చి ముడివేసి, చేత పట్టుకొని పోవుదురు. మన పల్లెలలో మూటగుడ్డ యెట్టిదో అదియు అట్టిదే. మూట కట్టవలసిన వస్తువు చిన్నదై, పరచిన గుడ్డ మిక్కిలి పెద్దదైనచో చూచువారు నవ్వుదురు గదా! అందుచేత చేయగలిగిన దానికన్న పెద్ద మాటలు చెప్పువానిని ఆ దేశమువారు పెద్ద ఫురోషికి పరచువాడని ఎగతాళి చేయుదురు. మనము కోతలరాయుడు అందుము. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున జపాను పత్రికలవారును రాజకీయవేత్తలును ఈ బిరుదమును ఒక మంత్రికి శాశ్వతముగా అంటగట్టిరి. ఆయనయే గోతో షింపే. వృత్తిచేత వైద్యుడు, తరువాత టోకియో నగరమునకు మేయరు, 1923లో ఆ మహానగరము భూకంపముచేతను అగ్నిచేతను నాశనమైనపుడు దానిని తిరిగి కట్టుటకు పూనుకొన్నవాడు. ఆయన పరచిన గుడ్డ నిజముగా పెద్దదా, లేక నవ్వినవారి చూపు చిన్నదా అనునది ఆయన జీవితమును తెలిసికొనిన పిమ్మట పాఠకులే నిర్ణయించుకొనవచ్చును.

గోతో 1857వ సంవత్సరమున జపానుకు ఈశాన్య భాగముననున్న మిజుసావా అను చిన్న పట్టణమున జన్మించెను. అది నేడు ఇవాతే జిల్లాలోని ఓషూ నగరమున చేరియున్నది. తండ్రి సెందాయ్ ప్రభువునకు లోబడిన ఒక చిన్న సామంతుని కొలువులో సమురాయి, అనగా కత్తి ధరించు హక్కుగల కులమువాడు. ఆ బంధువర్గములోనివాడే తకానో చోయే అను పండితుడు. అతడు పాశ్చాత్య వైద్యమును అభ్యసించి, విదేశీయుల ఓడలను తరిమివేయు ప్రభుత్వ విధానమును విమర్శించి, చెరసాల పాలై, 1850లో ప్రాణములు కోల్పోయెను. చదువు వలన కలుగు గౌరవమును, చదువు వలన వచ్చు ఆపదయు రెండును ఆ యింటివారికి తెలిసినవే.

గోతోకు పదునొకండవ యేడు నడుచుచుండగా దేశమున అంతర్యుద్ధము జరిగెను. సెందాయ్ ప్రభువు ఓడిన పక్షమున ఉండెను. గోతో కుటుంబము హోదాను, జీతపు ధాన్యమును కోల్పోయి సామాన్య జనులలో కలిసిపోయెను. జయించిన ప్రభుత్వము ఆ ప్రాంతమును పాలించుటకు యసుబ యసుకజు అను అధికారిని పంపగా, అతడు ఊరిలోని చురుకైన బాలురను కచేరీలో చిన్న పనులకు చేర్చుకొనెను. గోతో అట్లు చేరినవారిలో ఒకడు. తరువాత ప్రధానమంత్రియైన సైతో మకోతో మరియొకడు. జయించినవారి అధికారి ఓడినవారి బిడ్డలకు చదువు చెప్పించుట గొప్ప సంగతి. ఆ అధికారియే కొంతకాలమునకు తన కుమార్తె కజుకోను గోతోకిచ్చి వివాహము చేసెను.

యసుబ ప్రోత్సాహము వలననే గోతో 1874లో ఫుకుషిమా జిల్లాలోని సుకగావా వైద్యపాఠశాలలో ప్రవేశించెను. మొదట ఆయనకు వైద్యముపై మక్కువ లేకుండెను; మనస్సు రాజకీయములవైపు లాగుచుండెను. ఐనను చేరిన పనిని సగములో విడుచు స్వభావము కాదు. నగోయా నగరపు ఆసుపత్రిలో ఉద్యోగము సంపాదించి, 1881లో తన 24వ యేటనే ఆ ఆసుపత్రికిని వైద్యపాఠశాలకును అధిపతి అయ్యెను. మరుసటి యేడు గిఫు పట్టణమున ప్రజాపక్ష నాయకుడు ఇతాగాకి తైసుకే ఒక దుండగుని కత్తిపోట్లకు గురికాగా, చికిత్సకై నగోయా నుండి తరలిపోయిన వైద్యుడు గోతోయే.

ఆ కాలమున జపానులో కలరా మహమ్మారి మాటిమాటికి వ్యాపించుచుండెను. 1879లో ఒకసారి, 1886లో మరియొకసారి, ఒక్కొక్క సంవత్సరమున లక్షమందికి పైగా ఆ వ్యాధివలన మరణించిరి. రోగి ప్రక్కన కూర్చుండి మందిచ్చు వైద్యుడు ఒకనిని కాపాడగలడు. కాని ఊరి నూతిలోనికి మురుగు పారుచున్నంత కాలము రోగులు వచ్చుచునే యుందురు. కావున వ్యాధికి మూలమైన నీటికిని, మురుగునకును, ఇరుకైన వీధికిని చికిత్స చేయవలెనని గోతో తలచెను. 1883లో ఆసుపత్రిని వదలి హోమ్ మంత్రిత్వ శాఖలోని ఆరోగ్య విభాగమున చేరుటకు ఇదియే కారణము. 1890లో జర్మనీకి పోయి, మ్యూనిచ్‌లో వైద్యశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, 1892లో తిరిగివచ్చి ఆ విభాగమునకే అధిపతి అయ్యెను.

అంతలోనే పతనము. సోమా వంశపు ప్రభువొకనికి పిచ్చియని చెప్పి బంధువులు బంధించియుంచిరనియు, తరువాత చంపించిరనియు ఒక సేవకుడు వ్యాజ్యము వేసెను. గోతో ఆ సేవకుని నమ్మి అతనికి అండగా నిలిచెను. ఆరోపణ నిలువలేదు. 1893లో గోతోను కూడ చెరసాలలో పెట్టిరి. సుమారు అర్ధసంవత్సరము తరువాత నిర్దోషియని విడుదల చేసిరి గాని, పదవి పోయెను. మనుష్యులను త్వరపడి నమ్ముట ఆయన లోపములలో ఒకటి.

1895లో చైనాతో యుద్ధము ముగిసి, జపాను సైనికులు ఓడలలో తిరిగివచ్చుచుండిరి. వారితోబాటు కలరాయు వచ్చుచుండెను. సైన్యములో ఈ సమస్యకు బాధ్యుడైన కొదమ గెంతారో అను సేనాని, నిరుద్యోగియైయున్న గోతోను పిలిచి పని అప్పగించెను. హిరోషిమా ఎదుటనున్న నినోషిమా అను దీవి మీదను, మరి రెండు చోట్లను సుమారు రెండు నెలలలో క్వారంటీను కేంద్రములు లేచెను. ఓడ దిగిన ప్రతి సైనికుని స్నానము చేయించుట, బట్టలను ఆవిరి పెట్టెలలో కాచుట, రోగులను వేరుపరచుట, ఓడలను కడుగుట – ఇదంతయు వరుసక్రమముగా జరుగవలెను. ఇంటికి పోవు తొందరలోనున్న సైనికులు గొణిగిరి. 2,30,000కు పైగా మనుష్యులు ఆ వరుస గుండా నడచి ఇండ్లకు చేరిరి. (1945 ఆగస్టులో హిరోషిమాపై అణుబాంబు పడినపుడు సుమారు పదివేలమంది క్షతగాత్రులను చేర్చినది ఈ నినోషిమా కేంద్రముననే.)

కొదమ ఈ వైద్యుని మరువలేదు. 1898లో తాను తైవాను దీవికి గవర్నరు జనరలుగా పోవుచు, గోతోను పౌరపాలనకు అధిపతిగా వెంటగొనిపోయెను. ఇక్కడ నుండి గోతో కథలో వెలుగును నీడయు కలిసియుండును. జీవితచరిత్ర వ్రాయువారు వెలుగును మాత్రమే వ్రాయుట మనకు అలవాటు. నేనట్లు చేయజాలను.

తైవాను 1895లో జపాను వశమైన దేశము. గోతో అక్కడ మొదట చేసిన పని కొలుచుట. పొలములను కొలిపించెను; లెక్కకెక్కని భూములెన్నియో బయటపడి పన్ను పెరిగెను. అక్కడి ప్రజల ఆచారములను, ఆస్తి ధర్మములను పండితులచేత విచారింపజేసి గ్రంథములు వ్రాయించెను. 1905లో ఇల్లిల్లు తిరిగి జనాభా లెక్కలు తీయించిరి. అట్టి లెక్క జపానులోనే 1920 వరకు జరుగలేదనిన ఆశ్చర్యముగా నుండును. తైపే నగరమున మురుగుకాలువలు, మంచినీటి గొట్టములు అమరెను; దీవి పొడవునను రైలుమార్గము సాగెను. నల్లమందు త్రాగువారికి లైసెన్సులిచ్చి, క్రొత్తవారిని చేరనీయక, ఆ దురలవాటు తరముతో అంతరించునట్లు ఏర్పాటు చేసెను. అయితే ఆ నల్లమందును అమ్మినది ప్రభుత్వమే. లాభము చేరినది ప్రభుత్వపు పెట్టెలోనికే.

ఎదిరించినవారి గతి యేమి? 1898లో బందిపోట్ల శిక్షాశాసనమను పేరిట ఒక కఠినశాసనము వచ్చెను. తిరుగుబాటు చేసిన గ్రామీణులందరును దానిప్రకారము బందిపోట్లే. 1902 వరకు నడచిన ఆ అణచివేతలో, పాలకుల లెక్కల ప్రకారమే పదివేలకు పైగా జనులు హతులైరి. లొంగిపోవ వచ్చినవారిని సైతము కొన్నిచోట్ల కాల్చివేసిరి. బడులలో పిల్లలకు జపాను భాష బోధనాభాష అయ్యెను. ఇంటిలో ఒక భాషయు, కచేరీలో మరియొక భాషయు గల మనకు ఈ సంగతి వివరించి చెప్ప నవసరము లేదు. కొలుచువాడు మేలు చేయుటకును కొలువవచ్చును, పట్టి బంధించుటకును కొలువవచ్చును. తైవానులో గోతో రెండును చేసెను.

1906లో దక్షిణ మంచూరియా రైల్వేకు మొదటి అధ్యక్షుడయ్యెను. 1908లో తంతి తపాలా మంత్రియై, రైల్వేలకును అధికారియై, జపాను రైలుపట్టాలను వెడల్పు చేయవలెనని వాదించెను. అది చాల ఖర్చుతో కూడినదని పార్లమెంటు త్రోసివేసెను. 1964లో షింకాన్‌సెన్ అను వేగపు రైలు పరుగెత్తినది ఆ వెడల్పు పట్టాలమీదనే గదా! తరువాత హోమ్ మంత్రిగా, విదేశాంగ మంత్రిగా ఉండెను. ఈ కాలముననే నగర నిర్మాణమును గూర్చి పరిశోధించు ఒక సంఘమునకు అధ్యక్షుడై, ఉపన్యాసములతో దేశమంతట ఆ విషయమును ప్రచారము చేయించెను. 1919లో జపానుకు మొదటి నగర ప్రణాళికా చట్టము వచ్చుటకు ఈ సంఘపు కృషి చాల తోడ్పడెను.

1920 డిసెంబరులో గోతో టోకియో మేయరు అయ్యెను. మంత్రిపదవులు చేసినవాడు మేయరు పదవికి దిగివచ్చుట లోకమునకు వింత. ఆనాటి టోకియోలో జనసంఖ్య ఇరువది లక్షలు దాటినది. వీధులు వానకాలమున బురదగుంటలు. చాలచోట్ల మురుగుకాలువలే లేవు. నగరసభ లంచముల కథలతో పత్రికలకెక్కియుండెను. గోతో 1921లో వీధులు, మురుగు, నీరు, ఉద్యానములు, రేవు అన్నింటికిని కలిపి 80 కోట్ల యెన్నుల ప్రణాళికను ప్రకటించెను. ఆనాడు దేశప్రభుత్వపు సంవత్సరపు బడ్జెటే సుమారు 150 కోట్లు. పెద్ద ఫురోషికి అను ఎగతాళి మారుమ్రోగెను. ధనవంతుడైన యసుద జెంజిరో ఒక్కడు మాత్రము నవ్వక ఆలకించెను. కాని అదే యేడు సెప్టెంబరులో అతడు హంతకుని చేత మరణించెను. అతని కుటుంబమువారు 35 లక్షల యెన్నులు విరాళమీయగా, 1922లో టోకియో నగరపాలన పరిశోధన సంస్థ వెలసెను. న్యూయార్కులో అట్టి సంస్థను నడిపిన చార్లెస్ బియర్డు అను అమెరికా చరిత్రపండితుని గోతో రప్పించి, నగరపాలనను పరీక్షింపజేసెను.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. నేడు స్మార్ట్ సిటీ యని మనము వినుచున్న దానికి ప్రాణము లెక్కలే: ఏ వీధిలో ఎంత రద్దీ, ఏ గొట్టములో ఎంత నీరు, ఏ యింట ఎంత విద్యుత్తు. గోతో కాలమున యంత్రములు లేవు. గుమాస్తాలు కాగితములపై వ్రాసిరి. పద్ధతి అదియే. ఆయన వైద్యము చదివిన ఫుకుషిమా జిల్లాలోనే ఐజు వకమత్సు అను పట్టణము 2011 నాటి భూకంపము తరువాత ఇట్టి విధానమునకు పేరుపొందినది. అక్కడ పౌరుడు సమ్మతించిననే అతని వివరములను తీసికొందురు. 1905లో తైవాను రైతును అట్లు అడిగినవారు లేరు.

1923 ఏప్రిలులో గోతో మేయరు పదవిని వదలెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీన పగలు 11 గంటల 58 నిమిషములకు భూమి కంపించెను. అది వంట వేళ. ఇండ్లన్నియు కొయ్యవి, పొయ్యిలన్నియు వెలుగుచున్నవి. (నేడు జపానులో భూమి గట్టిగా కదలినంతనే ఇంటి గ్యాసు మీటరు తనంతట మూసికొనును. ఆ చిన్న యంత్రము వెనుక ఈ దినపు అనుభవము కలదు.) గాలి బలముగా వీచుచుండెను, నీటి గొట్టములు పగిలిపోయెను. మంటలు మూడవ తేదీ వరకు ఆరలేదు. నగరములో నూటికి నలువది పాళ్లకు పైగా భూమి కాలిపోయెను. యొకహామా మొదలగు ప్రాంతములు కలిపి సుమారు 1,05,000 మంది మరణించిరి. సుమిద నది కావల, సైన్యపు దుస్తుల డిపో ఉండిన ఒక ఖాళీ స్థలములోనికి జనులు పరుపులు, పెట్టెలు మోసికొని వచ్చి తలదాచుకొనిరి. ఆ సామానులకే నిప్పంటుకొని, సుడిగాలివలె అగ్ని తిరిగి, ఆ ఒక్క స్థలముననే సుమారు 38,000 మంది దగ్ధమైరి. వీధులు ఇరుకు, వంతెనలు కొయ్య, పారిపోవ ఖాళీ స్థలము లేదు. గోతో రెండేండ్ల క్రింద చెప్పి నవ్వులపాలైన లోపములే ఇవి.

మరునాటి సాయంకాలము క్రొత్త మంత్రివర్గమున ఆయన హోమ్ మంత్రిగా ప్రమాణము చేసెను. ఆ రాత్రియే నాలుగు సంకల్పములు వ్రాసికొనెనని చెప్పుదురు: రాజధానిని మార్చరాదు, పునర్నిర్మాణమునకు 300 కోట్ల యెన్నులు కావలెను, పాశ్చాత్య దేశముల సరిక్రొత్త నగరశాస్త్రమును అవలంబింపవలెను, భూస్వాముల అత్యాశకు లొంగరాదు.

కాని ఆ దినములలోనే అదే నగరమున మరియొక ఘోరము జరుగుచుండెను. కొరియా దేశస్థులు నూతులలో విషము కలుపుచున్నారని, నిప్పు పెట్టుచున్నారని ఒక అబద్ధపు వదంతి పుట్టెను. వీధివీధిని జనులు కఱ్ఱలు, కత్తులు, వెదురు ఈటెలు పట్టి కాపు కాసిరి. దారిన పోవువానిని ఆపి, పదునైదు యెన్నుల ఏబది సెన్నులు అను మొత్తమును జపాను భాషలో పలుకుమనిరి. కొరియావారి నాలుకకు ఆ మాటలోని కొన్ని ధ్వనులు తిరుగవు. పలుకు తప్పినవానిని చంపిరి. అట్లు చనిపోయినవారు వేలమంది; వందలకొలది చైనావారును, దూరజిల్లాల యాస పలికిన కొందరు జపానువారును కూడ హతులైరి. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు ఇందులో పాల్గొనిరి. గోతో శాఖ క్రింద నున్న పోలీసు విభాగమే మూడవ తేదీన ఈ వదంతిని నిజమన్నట్లు జిల్లాలకు తంతి ద్వారా పంపెను. తరువాత ప్రభుత్వము హింసను మానుమని చాటింపు వేసినది గాని, చనిపోయినవారికి తగిన న్యాయము జరుగలేదు. వీధులను గూర్చి అంత దూరము చూచిన మంత్రి ఈ విషయమున చేసినది చాలదు. ఈ పత్రిక చదువు పిల్లలలో పొరుగుభాషను తమ యాసతో పలుకని వారెవరు? అందుచేతనే ఈ ఘట్టమును దాటిపోక వ్రాసితిని.

ఇక పునర్నిర్మాణము. గోతో కోరికలలో అన్నింటికన్న సాహసమైనది ఒకటి కలదు. కాలిపోయిన భూమినంతటిని ప్రభుత్వము బాండ్లిచ్చి కొనవలెను. వీధులు తీర్చి, ఉద్యానములు విడిచి, మిగిలిన స్థలములను మరల జనులకు అమ్మవలెను. సెప్టెంబరు నెలాఖరున రాజధాని పునర్నిర్మాణ సంస్థ ఏర్పడి, గోతోయే దానికి అధ్యక్షుడయ్యెను. ఇంజనీర్లు రాత్రింబవళ్లు పటములు గీచిరి. వీధుల గీతలు నిర్ణయమగువరకు ఎవరిని ఇండ్లు కట్టనీయరాదని బియర్డు అమెరికా నుండి తంతి పంపి, వెంటనే తానును వచ్చెను. కాని ఇల్లు కాలినవాడు పటము పూర్తియగువరకు వానలో కూర్చుండునా? రేకులతోను, కాలిన కొయ్యలతోను వేలకొలది గుడిసెలు అప్పటికే లేచెను.

మూడువందల కోట్ల ప్రణాళికను ఆర్థికమంత్రి ఒప్పలేదు. భూమిని కొనుట మొదటనే మూలబడెను. అంకె తగ్గుచు తగ్గుచు వచ్చెను. నవంబరులో పెద్దల సభ ఒకటి కూడగా, ఇతో మియోజి అను వృద్ధ రాజనీతిజ్ఞుడు లేచి చాలసేపు ఖండించెను. అతనికి గింజా ప్రాంతమున సొంత భూములున్నవని జనులు చెప్పుకొనిరి. పిదప పార్లమెంటులో సంఖ్యాబలము గల సెయుకాయ్ పక్షము మరల కోసెను. చివరకు నిలిచినది 46 కోట్ల 80 లక్షల యెన్నులు. సభను రద్దుచేసి ప్రజల తీర్పు కోరుమని అనుచరులు కొందరు చెప్పినను గోతో తలయొగ్గెను. చలికాలము, గుడిసెలలో జనులు. ఎన్నికలతో నెలలు గడచినచో అంతయు చెడునని ఆయన యెంచెను కాబోలు. ఆయన జీవితమున అతిపెద్ద ఓటమి అదియే. డిసెంబరు 27న యువరాజుపై ఒక యువకుడు తుపాకి కాల్చగా, ఆ సంఘటనకు బాధ్యత వహించి మంత్రివర్గము రాజీనామా చేసెను. గోతో హోమ్ మంత్రిగా ఉండినది నాలుగు నెలలు మాత్రమే.

మనిషి తొలగెను గాని పని ఆగలేదు. ఆయన చేర్చిన ఇంజనీర్లును, ఆయనకు మునుపు సహాయుడైయుండి తరువాత మేయరైన నగత హిదెజిరోయు దానిని సాగించిరి. భూమిని కొనుటకు ధనము లేదు గనుక భూమిని సర్దుబాటు చేయు పద్ధతిని పట్టిరి. ఇది పిల్లలకు లెక్కగా చెప్పవచ్చును. ఒక పేటలో వంకర సందులో ఒకనికి 100 గజముల స్థలమున్నదనుకొందము. పేటలోనివారందరి స్థలములను ఒకే పటముగా కలిపి, తిన్నని వీధులు గీచి, అతనికి వీధి ప్రక్కన 90 గజములు తిరిగి యిత్తురు. పదవ వంతు వరకు పోయిన భూమికి నష్టపరిహారము లేదు. అంతకు మించినచో ఇత్తురు. స్థలము తగ్గినది, విలువ పెరిగినది. భూస్వాములు ఊరకుందురా? నిరసన సభలు జరిగెను. నగత మొదలగువారు పేటపేటకు పోయి నచ్చజెప్పిరి. సుమారు 3,000 హెక్టేరులు ఇట్లు తిరిగి అమర్చబడెను; సుమారు రెండు లక్షల కట్టడములను కదలించి క్రొత్త స్థలములలో నిలిపిరి. అమరావతి రాజధాని కొరకు 2015లో రైతుల భూములను సమీకరించి, కొంత భాగమును వారికి స్థలములుగా తిరిగి యిచ్చుటకు పూనుకొనిన పద్ధతియు ఈ జాతిలోనిదే. అందులో వచ్చు తగవులును ఈ జాతివే.

ఈ పనిలో టోకియోకు లభించినవి చూడుడు. ఉత్తర దక్షిణములుగా 44 మీటర్ల వెడల్పుగల షోవా వీధి. సుమిద నదిపై ఎయితాయ్, కియోసు మొదలగు ఉక్కు వంతెనలు. మూడు పెద్ద ఉద్యానములు. నిప్పంటని కాంక్రీటుతో 117 ప్రాథమిక పాఠశాలలు. వీనిలో 52 బడుల ప్రక్కన ఒక్కొక్క చిన్న ఉద్యానము ఏర్పరచిరి. మామూలు దినములలో అది పిల్లల ఆటస్థలము. ఆపద వచ్చిన దినమున పేటవారందరికి శరణాలయము. నా యెన్నికలో ఈ చిన్న ఉద్యానములే ఆ ప్రణాళికలోని మేలిమి. వీనికి ధనము తక్కువ, ఆలోచన ఎక్కువ.

గోతో పదవి లేనివాడయ్యును ఊరకుండలేదు. బాలచరుల సంఘమునకు అధ్యక్షుడుగా పొట్టి లాగు తొడిగి పిల్లల మధ్య నిలిచెను. టోకియో రేడియో కేంద్రమునకు మొదటి అధ్యక్షుడై 1925 మార్చిలో ప్రసారములను ఆరంభించెను. రష్యాతో స్నేహము కావలెనని, రెండుమార్లు పక్షవాతము తగిలిన శరీరముతో 1927 డిసెంబరు చలిలో మాస్కో పోయి స్టాలినును కలిసికొనెను. 1929 ఏప్రిలులో ఒక ఉపన్యాసమునకై ఒకాయామాకు పోవుచుండగా రైలులోనే మూడవసారి పక్షవాతము వచ్చెను. క్యోటో ఆసుపత్రిలో ఏప్రిలు 13వ తేదీన, తన 72వ యేట, కన్నుమూసెను. పునర్నిర్మాణము పూర్తియైనదని టోకియోలో ఉత్సవము జరిగినది 1930 మార్చి 26న. ఆ దీపములను ఆయన చూడలేదు.

1945 మార్చి 10వ తేదీ రాత్రి అమెరికా విమానములు అవే తూర్పు పేటలపై నిప్పు కురిపించెను. సుమారు లక్షమంది మరణించిరి. భూకంపము నాడు యువరాజుగానుండి తరువాత చక్రవర్తియైన హిరోహితో 1983లో ఆ దినములను తలచుకొని, గోతో ప్రణాళిక ఉన్నదున్నట్లు అమలు జరిగియున్నచో యుద్ధమున టోకియో నష్టము చాల తగ్గియుండెడిదని విచారించెను. 

షోవా వీధి నడుమ నాటిన చెట్లను తరువాతి తరమువారు మోటారు బండ్ల కొరకు తీసివేసిరి. సుమిద ఉద్యానము మీదుగా నేడు ఎత్తైన వాహన మార్గము పోవుచున్నది. బడుల ప్రక్కన కట్టిన చిన్న ఉద్యానములలో చాల వరకు రూపు మారినవి. ఒచనోమిజు దగ్గర మొతోమాచి అను పేటలో మాత్రము 1930లో తెరచిన ఉద్యానము ఒకటి నిలిచియున్నది. ప్రక్కనున్న బడి మూతపడినది. వాలునేల మీద మెట్లు, గోడనుండి నీరు జారునట్లు కట్టిన ఊట, తీగల పందిరి, ఇద్దరు పిల్లలు ప్రక్కప్రక్కన జారుటకు వీలైన జారుడుబల్ల అచ్చట కలవు.